పూర్వకర్మ : చికిత్సాలయ ప్రవేశానికి ముందు – సంహితల దృష్టి

సుశ్రుతసంహిత సూత్రస్థానంలో 5వ అధ్యాయానికి ‘అగ్రోపహరణీయం’ అని పేరు. ముందుగా సమకూర్చుకొనవలసిన వాటిని గూర్చి చెప్పే అధ్యాయమని దాని అర్థం. దాని ఆరంభంలోనే ఆచార్యుడు కర్మను మూడు విధాలుగా విభజించినాడు: పూర్వకర్మ, ప్రధానకర్మ, పశ్చాత్కర్మ. శస్త్రచికిత్సా ప్రకరణంలో చెప్పిన ఈ విభాగాన్ని వైద్యసంప్రదాయం పంచకర్మలకు కూడా అన్వయించుకొన్నది. వమన విరేచనాదులు ప్రధానకర్మలు. వాటికి ముందు చేసే స్నేహ స్వేదాలు పూర్వకర్మలు. తరువాత పాటించవలసిన ఆహారవిహార నియమం పశ్చాత్కర్మ.

గత కొన్ని దశాబ్దాలుగా ‘పంచకర్మ కేంద్రం’, ‘వెల్‌నెస్ సెంటర్’, ‘ఆయుర్వేద రిసార్ట్’ అనే పేర్లతో చికిత్సాలయాలు దేశమంతటా వెలసినవి. తెలుగునాట నుండి కేరళకు వెళ్ళి చికిత్స పొంది వచ్చేవారు ఉన్నారు. మన నగరాలలోనే అట్టి కేంద్రాలను ఆశ్రయించేవారూ ఉన్నారు. అక్కడికి వెళ్ళేముందు ఏమి చేయవలెనన్న ప్రశ్న వారికి సహజంగా కలుగుతుంది. ఈ ప్రశ్నకు చరక సుశ్రుత వాగ్భటులు విపులమైన సమాధానం చెప్పి ఉన్నారు. ఆ సమాధానాన్ని క్రమంగా పరిశీలిస్తే రెండు విషయాలు తేటపడతాయి. ఒకటి, సంహితలలో సిద్ధత అనేది చికిత్సకు పీఠిక మాత్రమే కాక చికిత్సలో అంతర్భాగం. రెండు, నేడు పంచకర్మ పేరుతో ఎక్కువగా జరుగుతున్నది ఆ సిద్ధతాభాగమే. ఈ రెండింటిని ఎరుగకపోతే గ్రంథపఠనంలో అర్థవిపర్యాసం, ఆచరణలో అపాయం కలుగుతాయి.

పంచకర్మ శబ్దం

చరకుని లెక్కలో వమనం, విరేచనం, నిరూహం, అనువాసనం, నస్యం అనేవి ఐదు కర్మలు. నిరూహానికే ఆస్థాపనమని, నస్యానికి శిరోవిరేచనమని నామాంతరాలు. వాగ్భటుడు అష్టాంగహృదయం సూత్రస్థానం 14వ అధ్యాయంలో శోధనాన్ని ఐదు విధాలుగా చెప్పినప్పుడు నిరూహ వమన విరేచన శిరోవిరేచనాలకు రక్తస్రావణాన్ని చేర్చినాడు. ఎవరి లెక్క తీసుకొన్నా అభ్యంగం గాని, ఆవిరి పట్టడం గాని, శిరోధార గాని ఆ ఐదింటిలో లేవు. అవి స్నేహ స్వేద వర్గానికి చెందినవి. ఈ భేదాన్ని ముందుగా మనస్సులో ఉంచుకొనవలెను.

ఉపకల్పనీయాధ్యాయం

చరకసంహిత సూత్రస్థానంలో 13వ అధ్యాయం స్నేహాన్ని, 14వ అధ్యాయం స్వేదాన్ని వివరిస్తాయి. వాటి వెనువెంటనే వచ్చే 15వ అధ్యాయం ఉపకల్పనీయం. వమనమో విరేచనమో ఇవ్వదలచిన వైద్యుడు ఔషధపానానికి పూర్వమే సంభారాలను సిద్ధం చేసుకొనవలెనని దీని విషయం. తెలుగులో వంటకు కావలసిన ద్రవ్యాలను ‘సంబారాలు’ అంటున్నాము. అది ఈ సంభార శబ్దానికి తద్భవమే. సమకూర్చుకొన్నది అనే మూలార్థం రెండు చోట్లా నిలిచి ఉన్నది.

ఈ అధ్యాయంలో గురుశిష్య సంవాదం మిక్కిలి గమనింపదగినది. ఔషధం సక్రమంగా పనిచేస్తే తరువాతి ఉపచారానికి, వికటిస్తే ప్రతీకారానికి సంభారాలు కావలెనని ఆత్రేయుడు చెప్పినాడు. ఆపద వచ్చిపడిన తరువాత, అంగడిలో దొరికేవే అయినా, తగిన ఔషధాలను వెంటనే సేకరించడం సులభం కాదని ఆయన హేతువు. దీనిపై అగ్నివేశుడు ఆక్షేపం చేసినాడు. జ్ఞానవంతుడైన వైద్యుడు మొదటనే తప్పక సిద్ధించేటట్లు చికిత్స చేయవలెను గదా! సక్రమంగా చేసినా కొన్నిసార్లు సిద్ధించి కొన్నిసార్లు వికటించేటట్లయితే ఇక జ్ఞానానికి అజ్ఞానానికి తేడా ఏమి?

శిష్యుని ప్రశ్న తార్కికంగా బలమైనది. ఆత్రేయుడు దానిని త్రోసిపుచ్చలేదు. తప్పక సిద్ధించే విధంగా చేయడం, ఉపదేశించడం తనకూ తనవంటివారికీ సాధ్యమే అన్నాడు. కాని దోషం, ఔషధం, దేశం, కాలం, బలం, శరీరం, ఆహారం, సాత్మ్యం, సత్త్వం, ప్రకృతి, వయస్సు అనే 11 విషయాలలోని అవస్థాభేదాలు అతి సూక్ష్మాలు. నిర్మలమైన విపులమైన బుద్ధి గలవానిని కూడా అవి కలవరపెట్టగలవు. అల్పబుద్ధి మాట వేరుగా చెప్పనక్కరలేదు అని సమాధానమిచ్చినాడు. ఒక మనిషి దేహంలో ఏమి జరుగుతుందో ముందుగా పూర్తిగా తెలియదు గనుకనే సిద్ధత అవసరమన్నది ఇక్కడి సిద్ధాంతం. ప్రతి ఒక్కరికీ తప్పక గుణం కలుగుతుందని హామీ ఇచ్చే చికిత్సాలయం ఆత్రేయుని కంటె ఎక్కువ తెలిసినట్లు చెప్పుకొంటున్నదన్నమాట.

తరువాత చికిత్సాగృహ వర్ణన వస్తుంది. గృహం దృఢంగా ఉండవలెను. పెనుగాలి తగలకూడదు గాని ఒక ప్రక్క నుండి గాలి ఆడుతూ ఉండవలెను. లోపల సుఖంగా నడవడానికి చోటుండవలెను. పొగ, ఎండ, నీరు, ధూళి సోకకూడదు. ఇంద్రియాలకు అనిష్టమైన శబ్దస్పర్శాదులు ఉండకూడదు. నీటి వసతి, రోలు రోకలి, మలవిసర్జనకు వేరు చోటు, స్నానభూమి, వంటశాల ఉండవలెను. పరిచారకులు శీలవంతులు, శుచులు, దక్షులు కావలెను. వారిలో అన్నం, పప్పుకట్టు వండగలవారు, స్నానం చేయించేవారు, ఒళ్ళు పట్టేవారు, రోగిని లేపి కూర్చుండబెట్టగలవారు, మందులు నూరేవారు ఉండవలెను. వీరికి తోడు గీతవాద్యాలలో, శ్లోక గాథా ఆఖ్యాయికా ఇతిహాస పురాణాలలో నేర్పు గలవారు కూడా ఉండవలెనని చరకుడు చెప్పడం సాహిత్య విద్యార్థులకు ఆసక్తి కలిగించే విషయం. దూడ బ్రతికి ఉన్న, సాధువైన, రోగం లేని పాడి ఆవు, దానికి గడ్డి, నీరు, కొట్టం కూడా ఈ జాబితాలో ఉన్నాయి.

ఈ వర్ణనలో అలంకారప్రాయమైనది దాదాపు లేదు. ప్రతి వస్తువుకూ ప్రయోజనం కలదు. చికిత్సాలయాన్ని ఎన్నుకొనేవారు చూడవలసినది కూడా దీనినిబట్టి తెలుస్తుంది. తోటలు, కొలనులు చూచిన తరువాత అయినా, ప్రతిదినం రోగిని చూచే వైద్యుడు ఉన్నాడా, పథ్యం వండే వంటశాల ఉన్నదా, రాత్రివేళ ఆపద వస్తే చేయగలిగిన ఏర్పాటు ఏమిటి అని విచారించవలెను. నేడు ఆయుర్వేద కళాశాలలలో పంచకర్మ ఒక ప్రత్యేక స్నాతకోత్తర విభాగంగా బోధింపబడుతున్నది. కావున వైద్యుడు శాస్త్రం చదివి నమోదైనవాడా అని అడగడం అమర్యాద కాదు.

శోధనం అవసరమా?

సిద్ధతలో తొలిమెట్టు అవసర నిర్ణయం. చరకుడు విమానస్థానం 3వ అధ్యాయంలో దోషపరిమాణాన్నిబట్టి చికిత్సను మూడు తెరగులుగా చెప్పినాడు. అల్పదోషానికి లంఘనం చాలును. కొద్దిపాటి నీరు ఎండకు గాలికి ఇంకిపోయినట్లు అది శమిస్తుంది. మధ్యదోషానికి లంఘన పాచనాలు కావలెను. ఎండ గాలులకు తోడు మన్ను బూడిద చల్లితే నీరు ఎండినట్లు అది తగ్గుతుంది. దోషం అధికమైనప్పుడే శోధనం. గట్టు తెంచకుండా మడిలోని నీరు పోదు గదా! వ్యవసాయం ఎరిగిన మన పాఠకులకు ఈ ఉపమానానికి వ్యాఖ్య అవసరం లేదు. నీరు కొద్దిగా ఉన్న మడికి గట్టు తెంచే రైతు ఉండడు.

తరువాత అర్హత. సిద్ధిస్థానం 2వ అధ్యాయమైన పంచకర్మీయసిద్ధిలో ప్రతి కర్మకు అనర్హులెవరో మొదట చెప్పి, వారికి ఆ కర్మ చేస్తే కలిగే ఉపద్రవాన్ని కూడా వేరువేరుగా చెప్పి, ఆ తరువాతనే అర్హులను పేర్కొన్నాడు. ఈ క్రమం గమనింపదగినది. వమనానికి అనర్హులలో బాలురు, వృద్ధులు, దుర్బలులు, అతిస్థూలులు, అతికృశులు, గర్భిణులు, హృద్రోగులు ఉన్నారు. స్నేహపానానికి మందాగ్ని గలవారు, కఫమేదస్సులు పెరిగినవారు, గర్భిణులు, దుర్బలులు తగరు. స్వేదానికి తగనివారిలో గర్భిణి, రక్తపిత్తరోగి, అతిసారరోగి, మధుమేహి, ఆకలిదప్పులతో ఉన్నవాడు, కోపంతో ఉన్నవాడు ఉన్నారు.

నేటి వైద్యజ్ఞానం ఇక్కడ సంహితల జాగ్రత్తను బలపరుస్తున్నది. వేడి ఆవిరి రక్తనాళాలను విప్పార్చి రక్తపోటును తగ్గిస్తుంది. ఆ పోటుకు మందులు వాడేవారు అకస్మాత్తుగా లేచి నిలబడితే సొమ్మసిల్లవచ్చును. మధుమేహానికి మందు వాడుతూ ఆహారాన్ని గంజికి తగ్గించినవారికి రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చును. వమన విరేచనాలలో నీరు, లవణాలు పోతాయి. మూత్రపిండవ్యాధి, హృద్రోగం ఉన్నవారికి అది చిన్న విషయం కాదు. కావున ఇట్టివారు తమను నిత్యం చూచే వైద్యునితో ముందుగా ఆలోచించవలెను. వాడుతున్న మందులను స్వయంగా మానివేయరాదు. సంహితలలోని ప్రతి ఫలశ్రుతి నేటి పరీక్షలలో నిరూపితమైనదని చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. అనర్హుల విషయంలో మాత్రం ప్రాచీనుల హెచ్చరికను తేలికగా తీసుకొనరాదు.

ఆతురుని గుణాలు : జ్ఞాపకత్వ పదవిచారం

చరకసంహిత సూత్రస్థానం 9వ అధ్యాయంలో చికిత్సకు నాలుగు పాదాలు చెప్పబడినవి: వైద్యుడు, ద్రవ్యం, పరిచారకుడు, ఆతురుడు. ఒక్కొక్క పాదానికి నాలుగేసి గుణాలు, మొత్తం 16. ఆతురుని గుణాలు స్మృతి, నిర్దేశకారిత్వం, అభీరుత్వం, జ్ఞాపకత్వం.

చివరి పదం వద్ద తెలుగు పాఠకుడు పొరబడే అవకాశం కలదు. తెలుగులో జ్ఞాపకమంటే గుర్తు. ఆ అర్థమే ఇక్కడ తీసుకొంటే స్మృతి, జ్ఞాపకత్వం అనే రెండూ ఒకటై పునరుక్తి దోషం వస్తుంది. ఇక్కడ జ్ఞాపక శబ్దం ప్రేరణార్థకం. తెలిపేవాడు అని అర్థం. తన రోగాన్ని వైద్యునికి తెలియజేయగలగడమే జ్ఞాపకత్వం. ఏది ఎప్పుడు తిన్నది, ఏమి చేసినది గుర్తుంచుకొనడం స్మృతి. దానిని దాచక చెప్పగలగడం జ్ఞాపకత్వం. మొదటిది లేక రెండవది లేదు గనుక రెండింటినీ వేరుగా చెప్పినాడు.

చికిత్సాలయానికి వెళ్ళేవారికి ఈ ఒక్క పదంలో సగం సిద్ధత ఇమిడి ఉన్నది. వాడుతున్న మందుల పేర్లు, మోతాదులు, గతంలో జరిగిన శస్త్రచికిత్సలు, పడని పదార్థాలు, స్త్రీలైతే ఋతుకాలం, గర్భం – ఇవన్నీ వ్రాసుకొని వెళ్ళడం జ్ఞాపకత్వానికి నేటి రూపం. వైద్యుడు చరకుని విమానస్థానం 8వ అధ్యాయంలోని దశవిధ పరీక్షను ఎంత శ్రద్ధగా చేసినా, ఆహారశక్తి, సాత్మ్యం వంటివి రోగి చెప్పక తెలిసేవి కావు. ‘ఇంగ్లీషు మందులు వాడుతున్నానంటే ఏమనుకొంటారో’ అన్న సంకోచంతో దాచేవారు కలరు. సంహిత దృష్టిలో అది గుణలోపమే.

అభీరుత్వమంటే భయం లేకపోవడం. అది చెప్పిందల్లా చేయించుకొనే సాహసం కాదు. విషయం తెలిసినందువల్ల కలిగే నెమ్మది. నిర్దేశకారిత్వం దాని తరువాతి మెట్టు.

స్నేహం

స్నేహద్రవ్యాలు నాలుగు: నెయ్యి, నూనె, వస, మజ్జ. వీటిలో నెయ్యి శ్రేష్ఠం. శోధనానికి ముందు స్నేహాన్ని త్రాగించడం ప్రధాన పద్ధతి. ఒంటికి పట్టించడం దానికి తోడు. మాత్ర జీర్ణమయ్యే కాలాన్నిబట్టి నిర్ణయమవుతుంది: సగం దినంలో జీర్ణమైతే హ్రస్వమాత్ర, పూర్తి పగటిలో జీర్ణమైతే మధ్యమమాత్ర, అహోరాత్రంలో జీర్ణమైతే ఉత్తమమాత్ర. వాగ్భటుడు వీటికి ముందు ఇంకా చిన్నదైన మాత్రను ఇచ్చి పరీక్షింపుమన్నాడు. మృదుకోష్ఠునికి 3 దినాలు, క్రూరకోష్ఠునికి 7 దినాలు పడుతుంది. 7 దినాలు దాటితే స్నేహం దేహానికి అలవాటై దోషాన్ని కదిలించదు. ఎంత మాత్ర, ఎన్ని దినాలు అన్నది ఒకరికి చెప్పినది మరొకరికి చెల్లదు. వైద్యుడు ప్రతిదినం చూచి నిర్ణయించవలెను.

స్నేహపానానికి ముందుదినం ద్రవప్రాయమైన, వేడియైన, పరిమితమైన ఆహారం తీసుకొనవలెను. అతిగా నూనె ఉన్నది, పలువిధాలు కలగలిసినది పనికిరాదు. స్నేహకాలంలో వేడినీరే త్రాగవలెను. రాత్రి మాత్రమే నిద్రించవలెను. మలమూత్ర వేగాలను ఆపరాదు. వ్యాయామం, కోపం, శోకం, చలి, ఎండ, పెనుగాలి విడువవలెను. ప్రయాణబడలికతో చేరిన దినమే కర్మ ఆరంభింపరాదని ఈ నియమాల వల్ల ఊహింపవచ్చును. వాయువు తన మార్గాన ప్రవర్తించడం, ఆకలి దీపించడం, మలం మెత్తగా స్నిగ్ధంగా ఉండడం, దేహం మృదువు కావడం స్నేహం చక్కగా పట్టిందనడానికి గుర్తులు.

పైకి పట్టించే అభ్యంగానికి వేరొక స్థానం కూడా కలదు. చరకుడు సూత్రస్థానం 5వ అధ్యాయంలోను, వాగ్భటుడు దినచర్యాధ్యాయంలోను దానిని నిత్యకృత్యంగా చెప్పినారు. కుండ, తోలు, బండి ఇరుసు నూనె వల్ల గట్టిపడినట్లు దేహం కూడా గట్టిపడుతుందని చరకుని ఉపమానం. మన ఇళ్ళలో దీపావళికి, ఉగాదికి తలంటు, నలుగు, వేడినీళ్ళు ఈ దినచర్యకే పర్వదిన రూపం. అయితే కఫం పెరిగినవారు, శోధనం చేయించుకొన్నవారు, అజీర్ణంతో ఉన్నవారు అభ్యంగం మానవలెనని వాగ్భటుని నిషేధం. కడుపునిండ భోజనం చేసి మర్దనకు వెళ్ళరాదన్న మాట నేటి కేంద్రాలలోనూ వినబడుతుంది. దాని మూలం ఇది.

స్వేదం

తెలుగులో కాపడం అన్నా, ఆవిరి పట్టడం అన్నా స్వేదభేదాలే. చరకుడు అగ్నిస్వేదాలను 13గా, నిప్పు లేని స్వేదాలను 10గా లెక్కించినాడు. సుశ్రుతుడు తాప, ఊష్మ, ఉపనాహ, ద్రవములని 4 చెప్పినాడు. ఎండిన కట్టె కూడా స్నేహ స్వేదాల వల్ల వంగుతుంది, ఇక జీవమున్న దేహం మాట చెప్పనేల అని చరకుని ఉపమానం. అదే కట్టెను సుశ్రుతుడు చికిత్సాస్థానం 33వ అధ్యాయంలో హెచ్చరికగా మలచినాడు: స్నేహ స్వేదాలు లేకుండా శోధనౌషధం త్రాగినవాని దేహం, వంచబోయిన ఎండుకట్టె వలె విరిగిపోతుంది. ఒకే దృష్టాంతం ఒకచోట సాధ్యాన్ని, వేరొకచోట ప్రమాదాన్ని చూపడం సంహితలను తులనాత్మకంగా చదివేవారికి మంచి పాఠం.

స్వేదవేళ హృదయం, కన్నులు, వృషణాలకు వేడి తగలనీయరాదు. తప్పనిసరియైతే మృదువుగా మాత్రమే. కన్నులను శుభ్రమైన గుడ్డతోనో, గోధుమపిండి ముద్దతోనో, తామర కలువ రేకులతోనో కప్పవలెను. చలి, నొప్పి, బిగువు, బరువు తగ్గి మృదుత్వం కలిగి చెమట పట్టగానే ఆపవలెను. జేంతాకస్వేదాన్ని వర్ణించేటప్పుడు చరకుడు 16 అరత్నుల ఎత్తు, అంతే విశాలం గల గుండ్రని గృహాన్ని, అనేక గవాక్షాలను, గోడ చుట్టూ అరుగును, నడుమ పొయ్యిని చెప్పినాడు. వైద్యుడు రోగిని ‘సౌమ్యా’ అని సంబోధించి లోపలికి పంపుతూ చెప్పే మాటలు నేటి ఆవిరిగదులకు కూడా వర్తిస్తాయి. మూర్ఛ వచ్చినట్లున్నా అరుగును విడువరాదు; విడిచి ద్వారం కనబడకపోతే ప్రాణాపాయం. దేహం తేలికపడిన తరువాత అరుగు వెంబడే ద్వారానికి రావలెను. వచ్చిన వెంటనే చల్లని నీరు తాకరాదు. ఒక ముహూర్తకాలం సేదదీరి గోరువెచ్చని నీటితో స్నానం చేసి భుజింపవలెను. లోపలికి పోకముందే బయటికి వచ్చే దారిని నేర్పడం ఇక్కడి వివేకం.

దినాల లెక్క

స్నేహపానం ముగిసిన తరువాత విరేచనానికి 3 దినాలు, వమనానికి 1 దినం వ్యవధి చరకుడు చెప్పినాడు. ఆ వ్యవధిలో స్వేదం జరుగుతుంది. ప్రధానకర్మ ఒక దినం. తరువాత పేయాది ఆహారక్రమం శుద్ధితారతమ్యాన్నిబట్టి 3, 5, 7 దినాలుగా సంప్రదాయం లెక్కిస్తున్నది. వీటిని కూడితే విరేచనం ఒక్కదానికే తక్కువలో తక్కువ 10 దినాలు, ఎక్కువలో 18 దినాలు అవుతున్నది. బాలవృద్ధాదుల కొరకు సద్యఃస్నేహమనే శీఘ్రపద్ధతి గ్రంథాలలో లేకపోలేదు. అది మినహాయింపేగాని సామాన్యవిధి కాదు.

మూడు దినాలలో పంచకర్మ అనే ప్రకటనను ఈ లెక్కతో పోల్చి చూడవలెను. అట్టి చోట సాధారణంగా జరిగేవి అభ్యంగం, ఆవిరి, శిరోధార. కేరళలో ప్రసిద్ధమైన పిళిచ్చిల్, నవరక్కిళి కూడా స్నేహ స్వేద రూపాలే. మొదటిది వెచ్చని తైలాన్ని ఒంటిపై ధారగా పోయడం, రెండవది పాలు, కషాయంలో వండిన నవర బియ్యపు మూటలతో మర్దించడం. ఇవి విలువ లేనివని ఎవరూ అనరు. కేరళ వైద్యసంప్రదాయం వీటిని స్వతంత్ర చికిత్సలుగా పెంపొందించినది, 1902లో పి.ఎస్. వారియర్ స్థాపించిన కోట్టక్కల్ ఆర్యవైద్యశాల వంటి సంస్థలు ఆ సంప్రదాయాన్ని నిలిపినవి. కాని పేరు మారితే నియమం కూడా మారుతుంది. అభ్యంగానికి వెళ్ళేవాడు అభ్యంగానికి వెళ్ళుతున్నానని తెలుసుకొంటే చాలును. శోధనం జరిగినదని భ్రమించి నిత్యం వాడే మందులు మానినవాడు నష్టపోతాడు. దీనికి విపర్యయంగా, పూర్వకర్మ లేకుండా తీవ్రవిరేచనం చేయించుకొన్నవాడు సుశ్రుతుడు చెప్పిన ఎండుకట్టె అవుతాడు. పాత్రకు నూనె రాచి ఉంటే నీరు ప్రయాస లేకుండా జారినట్లు స్నిగ్ధదేహం నుండి దోషాలు వెడలుతాయని సిద్ధిస్థానంలోని మాట. నూనె రాయడంతోనే పాత్ర ఖాళీ కాదు. రాయకుండా గీకితే పాత్రకే హాని.

కాలనిర్ణయం కూడా సిద్ధతలో భాగమే. అతిశీతం, అతితాపం, అతివర్షం ఉన్న ఋతువులను విడిచి, ప్రావృట్ శరద్వసంతాలనే సాధారణ ఋతువులలో శోధనం చేయవలెనని విమానస్థానం. ఆత్యయిక స్థితికి ఈ నియమం లేదు. ఔషధపానదినానికి రోగి సుఖంగా నిద్రించి, ముందు తిన్నది జీర్ణమై, తలస్నానం చేసి, మనస్సు చెదరక ఉండవలెను. నడుమ తీవ్రమైన మానసికవ్యాధి గాని శారీరవ్యాధి గాని తలెత్తితే ముందు దానిని చక్కబరచవలెనని ఉపకల్పనీయంలోనే ఉన్నది. రుసుము చెల్లించినాము గదా అని జ్వరంతో కర్మకు కూర్చుండడం శాస్త్రసమ్మతం కాదు.

తిరుగు ప్రయాణం

శోధనానంతరం జఠరాగ్ని మందగిస్తుంది. చిన్న నిప్పును గడ్డి, పిడకలతో క్రమంగా పెంచినట్లు దానిని పేయ, విలేపి, యూషం, మాంసరసం అనే క్రమంలో పెంచవలెనని సిద్ధిస్థానం 1వ అధ్యాయం. మన ఇళ్ళలో పూర్వం ఆముదం పట్టించిన దినాన చారన్నం మాత్రమే పెట్టేవారు. ఆ పెద్దలు సంసర్జనక్రమమన్న పేరు వినకపోయినా దాని మర్మం ఎరుగుదురు.

శుద్ధుడైన మనిషిని లేతగ్రుడ్డు వలె, అంచులదాక నిండిన తైలపాత్ర వలె కాపాడవలెనని సిద్ధిస్థానం 12వ అధ్యాయం చెబుతున్నది. అక్కడే వర్జింపవలసిన 8 విషయాలు పేర్కొనబడినవి: బిగ్గరగా మాట్లాడడం, రథక్షోభం, అతిగా నడవడం, అతిగా కూర్చుండడం, అజీర్ణభోజనం, అహితభోజనం, పగటినిద్ర, మైథునం. రథక్షోభమంటే వాహనపు కుదుపు. చికిత్స ముగిసిన రాత్రే బస్సులోనో రైలులోనో సుదూర ప్రయాణం చేసి, మరునాడు తరగతిలో నాలుగు గంటలు పాఠం చెప్పే అధ్యాపకుడు మొదటి రెండు నిషేధాలను ఒకేసారి ఉల్లంఘించినవాడవుతాడు. బస్తి మొదలైన వాటికి పట్టిన కాలానికి రెట్టింపు కాలం పరిహారకాలమని చరకుని నియమం. సెలవు పెట్టేటప్పుడు ఈ దినాలను కూడా కలిపి లెక్కించుకొనవలెను.

ఉపసంహారం

ఉపకల్పనీయాధ్యాయం రాజును, రాజతుల్యుని, ధనవంతుని ఉద్దేశించి ఆరంభమవుతుంది. పాడి ఆవు, గాయకులు, విశాలగృహం సామాన్యునికి ఎక్కడివి? ఈ ప్రశ్న చరకునికి తట్టకపోలేదు. అధ్యాయాంతంలో ఆయన దరిద్రుని మాట ఎత్తినాడు. ఆపద వచ్చినప్పుడు దరిద్రుడు దుర్లభమైన సంభారాలను సమకూర్చుకొనకనే తగిన కాలంలో శోధనం త్రాగవచ్చును. అందరికీ అన్ని సాధనాలు ఉండవు. అట్లని దారుణరోగాలు పేదలను విడువవు. కాబట్టి ఎవరికి సాధ్యమైనంతలో వారు చేసుకొనవలెనని ఆయన తీర్పు.

ఈ మినహాయింపు దేనికి వర్తిస్తున్నదో జాగ్రత్తగా చూడవలెను. దరిద్రునికి సడలించినది సంభారాలను మాత్రమే. స్నేహ స్వేదాలను, అర్హతాపరీక్షను, పథ్యాన్ని చరకుడు ఎవరికీ సడలించలేదు. రాజుకు, పేదకు సమానంగా మిగిలినదే సిద్ధతలోని సారం: అవసరం ఉన్నదో లేదో తెలుసుకొనడం, తన స్థితిని దాచక చెప్పడం, దేహాన్ని క్రమంగా మెత్తపరచడం, తరువాతి దినాలను కాపాడుకొనడం. నేటి చికిత్సాలయాలలో కొన్నిచోట్ల సంభారాలు రాజోచితంగా ఉండి ఈ నాలుగూ లోపించి ఉన్నాయి; కొన్ని చిన్న వైద్యశాలలలో సంభారాలు స్వల్పమై ఈ నాలుగూ నిండుగా ఉన్నాయి. ఎన్నుకొనేవారికి సంహితలు ఇచ్చే కొలమానం ఇదే.

సంహితలను బోధించే అధ్యాపకులు పూర్వకర్మ, ప్రధానకర్మ శబ్దాలను విడదీసి వివరించడం, జ్ఞాపకత్వం వంటి పదాలకు సరియైన తెలుగు అర్థం నిలపడం పదవ్యాఖ్యగా కనబడవచ్చును. ఆ వ్యాఖ్య విన్న విద్యార్థి రేపు తన తండ్రినో తల్లినో చికిత్సాలయానికి తీసుకొనిపోయినప్పుడు, వారు వాడే మందుల చీటీని వెంట పట్టుకొనిపోతాడు.